స్విమ్మింగ్ పూల్ మీద గుడ్డ

నజీర్ అహ్మద్ కొట్టు ఎందుకు మూసి ఉంటుందని జనం నన్ను అడుగుతారు. పక్క కొట్టు నాదే మరి, తాళ్ళూ మోకులూ అమ్ముతాను. "మానేశాడండీ, ఇంకెక్కడైనా కుట్టించుకోండి" అని కసురుతాను. అడిగినవాడు నా మొహం చూసి వెళ్ళిపోతాడు. అడిగినవాడికల్లా ఆ కథ చెప్పుకుంటూ కూర్చుంటే నా బేరాలు సాగవు, చెప్పిన రోజున అన్నం సహించదు కూడా. అందుకని ఇక్కడ ఒక్కసారి రాసి పారేస్తున్నాను.

మా కొట్లు విశాఖపట్నం వన్‌టౌన్‌లో, పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉన్నాయి. రెండింటికీ మధ్య గోడ ఒక్కటే. ముప్ఫై ఏళ్ళుగా నేను ఆయన్ని బావా అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. మీలో ఎవరి చెల్లెల్ని ఎవరు చేసుకున్నారో ముందు తేల్చండయ్యా అని మార్కెట్టంతా మమ్మల్ని ఆటపట్టించేది. మా ఇంట్లో పెళ్ళికి పందిరి గుడ్డ ఆయనే వేశాడు. రంజాన్ నెలలో చాంద్ సుల్తానా, అంటే ఆయన భార్య, మా ఇంటికి గిన్నెడు హలీం పంపకపోతే మా ఆవిడ నాతో తగువు పెట్టుకునేది, నేనే ఏదో మాట అని ఉంటానని.

ఆయన టార్పాలిన్లు కుట్టేవాడు. తాత, తండ్రి చేసిన పని కూడా అదే. స్టీల్ ప్లాంట్‌లో కాయిల్స్ ఎత్తుకుని రాయ్‌పూర్ పోయే లారీలు, పోర్టులో ఎరువు నింపుకునే లారీలు, అన్నీ ఆయన గుమ్మం ముందు ఆగేవి. "సాయిబు కుట్టిన గుడ్డ కింద చుక్క తడి దిగదు" అని డ్రైవర్లు చెప్పుకునేవాళ్ళు. అది మాత్రం నిజం. మొగమాటానికి ఎవర్నీ పొగిడే రకం కాదు నేను.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. గుడ్డని ఎప్పుడూ బిగువుగా కొలవడు. ప్రతి వైపూ జానెడు వదులు వదులుతాడు. రోడ్డు మీద గాలి కొడుతుంది, గతుకుల్లో సరుకు కదులుతుంది, బిగదీసి కట్టిన గుడ్డ అనకాపల్లి దాటకుండానే ఇత్తడి రింగుల దగ్గర చిరుగుతుంది. "గుడ్డకి ఊపిరాడాల బావా" అనేవాడు. ఎవరైనా పనివాడు కొలత బిగించి కోస్తే ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది. ఆ జానెడు వదులు ఆయన తండ్రి చేతి గుర్తు.

తర్వాత కాలం మారింది. యంత్రం మీద అతికిన ప్లాస్టిక్ షీట్లు గుట్టలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. వారానికి ఒక్క లారీ ఆగితే గొప్ప. నజీర్ బావ కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉర్దూ పేపరో, తెలుగు పేపరో, ఏది దొరికితే అది చదివేవాడు. చదవడం అయిపోతే నా కొట్టుకొచ్చి నా తాళ్ళని విమర్శించేవాడు.

రెండేళ్ళ కిందట జూన్ నెలలో సీతమ్మధార నుంచి ఒక డాక్టర్ గారు కారులో వచ్చారు. ఆయనకి ఆనందపురం దగ్గర తోటలో ఇల్లుంది. ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కట్టించారు. వేసవిలో పిల్లలూ చుట్టాలూ వచ్చి ఈతలు కొట్టారు. బడులు తెరిచారు, వానలు మొదలయ్యాయి, మళ్ళీ మార్చి దాకా అందులో దిగేవాళ్ళు లేరు. నీళ్ళు తోడి ఖాళీ చేద్దామంటే వానాకాలం భూమిలో ఊట ఎగదన్ని అడుగు టైల్స్ లేచిపోతాయని మేస్త్రీ చెప్పాడట. నీళ్ళు ఉంచితే ఆకులు, కప్పలు, దోమలు. అందుకని పైన కప్పు కావాలి.

డాక్టర్ గారు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించారు. "ఇది కంపెనీ వాళ్ళ సేఫ్టీ కవర్. సన్నటి జల్లెడ గుడ్డ. నీళ్ళు కిందికి దిగిపోతాయి, చుట్టూ గట్టులో మేకులు దింపి బెల్టులతో బిగిస్తారు. మనిషి నడిచినా కుంగదట. కానీ గట్టు రాయికి ముప్ఫై నలభై కన్నాలు పెట్టాలి. రాజస్థాన్ నుంచి తెప్పించిన రాయండీ. మా ఆవిడ కన్నాలకి ఒప్పుకోవట్లేదు."

"కన్నాలెందుకండీ?" అన్నాడు నజీర్ బావ. "మంచి టార్పాలిన్ కుడతాను. చుట్టూ తాడు, తాళ్ళకి ఇసుక మూటలు. మీ రాయికి గీత కూడా పడదు."

"సేఫేనా?" అని అడిగారు డాక్టర్ గారు. ఆ మాట ఆయన అడిగారు. ఆ పాటి న్యాయం నేను చెయ్యాలి.

"ముప్ఫై ఏళ్ళుగా నా గుడ్డ చిరిగిందన్నవాడు లేడండీ" అన్నాడు మా వాడు.

నేను పక్కనే ఉన్నాను. నాకూ ఆ జవాబు సరిగానే వినిపించింది. బతుకంతా గుడ్డ కింద ఉన్న సరుకు తడవకుండా చూసినవాడు, గుడ్డ పైన ఏం జరుగుతుందో ఎందుకు ఆలోచిస్తాడు?

కొలతలకి నా స్కూటర్ మీదే వెళ్ళాం. ఆ తోటకి కాపలా బాబీ. పెదజాలారిపేట కుర్రాడు. తండ్రి పోయాక పడవ అమ్మేసి, పెళ్ళాన్నీ కూతుర్నీ తీసుకుని ఆ తోటలో రేకుల గదిలో ఉంటున్నాడు. భార్య సత్యశ్రీది పద్మనాభం, వరి పొలాల మనిషి. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. కూతురు ధనశ్రీకి నాలుగేళ్ళు. మేం వెళ్ళేసరికి ఆ పిల్ల నజీర్ బావ టేపు చివర పట్టుకుని పూల్ చుట్టూ మాతోపాటే తిరిగింది, వదలమంటే ఏడ్చింది. ఇసుక మూటలు మాట్లాడమని బాబీని ఆనందపురం జంక్షన్‌కి పంపాం.

అతను అటు వెళ్ళాడు, ఇటు వాళ్ళమ్మ గంగాలమ్మ వచ్చింది. చేపలు అమ్ముకునే మనిషి. మనవరాలి కోసం నాలుగు కవ్వళ్ళ చేపలు ఆకులో చుట్టి తెచ్చింది. మేం కొలుస్తున్నది చూసి తట్ట దించింది.

"గుడ్డేత్తారేటి బాబూ దీనిమీద?"

"అవునమ్మా, టార్పాలిన్."

"గుడ్డొద్దు బాబూ. పిల్లున్న ఇల్లు. వలెయ్యండి. లావు తాడుతో మావోళ్ళు అల్లి ఇచ్చెత్తారు. బిర్రుగా లాగి కట్టీసినారంటే వాన నీరు కిందకి దిగిపోతాది, పిల్ల జారినా పైనే ఆగుతాది."

నజీర్ బావ నవ్వాడు. "ఆకులన్నీ వల్లోంచి పడిపోవా అమ్మా? దోమలాగుతాయా? నీది సేపల లెక్క. నాది సరుకు లెక్క."

"ఆకులు పడితే తీసుకోవచ్చు. గుడ్డ పరిసీసినావంటే నీరెక్కడో గట్టెక్కడో తెలీదు. కనపడని నీరు సెడ్డది బాబూ."

"నా గుడ్డ మనిసెక్కినా సిరగదు. లారీల మీద క్లీనర్లు దానిమీదే పడుకుని రాయ్‌పూర్ దాకా పోతారు."

సత్యశ్రీ పిల్లని చంకనేసుకుని ఇద్దరి మాటా వింది. "సాయిబు గారికి తెలీదా అత్తా? ఆరి పని గదా ఇది" అంది. గంగాలమ్మ ఆకు పొట్లం కోడలి చేతికిచ్చింది. తట్ట ఎత్తుకుని బస్సుకి వెళ్ళిపోయింది. లారీ మీద క్లీనర్ కింద ఇరవై టన్నుల సరుకుంటుంది, ఇక్కడ గుడ్డ కింద ఎనిమిదడుగుల నీళ్ళున్నాయి అన్న ముక్క నజీర్ బావకి తట్టలేదు. నాకు మాత్రం తట్టిందా? నేను తాడు ఎన్ని మీటర్లు పడుతుందో లెక్కేసుకుంటున్నాను.

గుడ్డ పది రోజుల్లో తయారైంది. ముదురు నీలం రంగు, అంచంతా నా నైలాన్ తాడు, మూరకొక ఇత్తడి రింగు. అంత శ్రద్ధగా ఆయన కుట్టడం చూసి ఎన్నేళ్ళయిందో. మధ్యలో గుడ్డ గూనిలా లేచి వాన నీరు పక్కకి జారాలని రెండు లారీ ట్యూబులు గాలి కొట్టి నీళ్ళ మీద వదిలాం. పైన గుడ్డ పరిచి ఇసుక మూటలు కట్టాం. ప్రతి వైపూ జానెడు వదులు. డాక్టర్ గారి భార్య ఫోటో తీసి ఎవరికో పంపింది. వారం తిరక్కుండా భీమిలి రోడ్డులో ఇంకో ఇంటివాళ్ళు తమ పూల్‌కీ కావాలన్నారు.

ఆ రోజుల్లో నజీర్ బావని చూడాల్సింది. పొద్దున్నే మిషన్‌కి నూనె వేసేవాడు. నా తాళ్ళని తిట్టడం మానేశాడు. "విశాఖపట్నంలో ఎన్ని స్విమ్మింగ్ పూల్స్ ఉంటాయి బావా?" అని అడిగేవాడు. నాకేం తెలుసు, నా వీధిలో కుళాయి కూడా రోజు విడిచి రోజు వస్తుంది. అయినా వందలుంటాయిలే అన్నాను. ఆయన సంతోషం చూస్తే నాకు సంతోషంగానే ఉండేది, అబద్ధమెందుకు.

జూలైలో ముసురు పట్టింది. బాబీ ఫోన్ చేశాడు. "సాయిబు గారూ, ట్యూబులు గాలికి ఓ పక్కకి కొట్టుకుపోనాయి. గుడ్డ మీద నీరు నిలబడిపోతన్నాది."

"బకెట్టుతో తోడీ. గుడ్డకేటీ అవ్వదు" అన్నాడు ఈయన.

బాబీ తోడాడు. మళ్ళీ వాన పడింది, మళ్ళీ నిండింది. రోజూ తోడడం ఎవరి వల్లవుతుంది? చివరికి ఆ నీలం గుడ్డ మీద పాదం మునిగేంత నీళ్ళు ఎప్పుడూ ఉండేవి. చూసేవాళ్ళకి అది పూల్‌లా కనిపించేది కాదు, వాకిట్లో మడుగులా ఉండేది. ధనశ్రీ ఆ అంచున కూర్చుని ప్లాస్టిక్ మగ్గుతో ఆడుకునేదట.

రెండోసారి బాబీ ఫోన్ చేసింది సోమవారం. తోట కుక్క నీళ్ళు తాగడానికి గుడ్డ మీదకి వెళ్ళింది. నాలుగడుగులు వేసేసరికి గుడ్డ దాని కింద సంచిలా దిగిపోయింది. పైనున్న వాన నీరంతా ఆ గుంటలోకే పరిగెత్తింది. కుక్క కాళ్ళు జారి పైకి రాలేకపోయింది. బాబీ వెదురు కర్ర పెట్టి లాగాడు కాబట్టి బతికింది. "గుడ్డ మాత్రం సిరగలేదండి" అన్నాడు పాపం, ఈయన ఏమనుకుంటాడో అని.

నజీర్ బావ ఫోన్ పెట్టేసి, మిషన్ మీదున్న భీమిలి గుడ్డ వదులుని జానతో కొలిచి చూశాడు. తర్వాత, "ఆ ముసలమ్మ సెప్పింది నిజమే బావా. వదులుండకూడదు. ఆ గుడ్డ తీసీయాల" అన్నాడు.

"అయితే తీసేద్దాం."

"శుక్రవారం నమాజు అయ్యాక పోదాం. భీమిలి వాళ్ళ గుడ్డ గురువారానికి ఇచ్చేస్తానన్నాను. దాన్ని కూడా మార్చి కొయ్యాల."

కొట్టు వెనకే వాళ్ళ ఇల్లు, చాంద్ సుల్తానా లోపల్నుంచి వింది. "శుక్రవారం దాకా ఎందుకండీ? రేపే వెళ్ళి రండి. చిన్న పిల్ల ఉన్న చోటు" అంది. ఆయన నా వైపు చూశాడు. స్కూటర్ నాది. మంగళవారం నాకు చెన్నై నుంచి సరుకు దిగుతుంది. "శుక్రవారమైతే ఇద్దరికీ వీలు" అన్నాను. ఆ మాట అన్నది నేను. పిల్లని అటు వెళ్ళనివ్వొద్దని బాబీకి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. గుడ్డ తీసే సంగతి ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం, ఆ ఫోన్ మాత్రం ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

బుధవారం పదకొండు గంటలకి, ఎండ కాస్తుండగా, ధనశ్రీ మగ్గు గుడ్డ మధ్యకి తేలిపోయింది. పిల్ల దాని కోసం వెళ్ళింది. సత్యశ్రీ పదడుగుల దూరంలో బట్టలు ఆరేస్తోంది. తడి దుప్పటి తీగ మీద వేసి, సరిచేసి, తిరిగి చూసేసరికి పిల్ల లేదు. బాబీ వచ్చి దిగాడు. సముద్రంలో ఈదినవాడికి కూడా ఆ గుడ్డలో కాళ్ళూ చేతులూ ఆడలేదు. చివరికి కత్తితో కోసి తీశారు. అప్పటికే అయిపోయింది.

పోలీసులొచ్చి ప్రమాదమని రాసుకుని వెళ్ళారు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. డాక్టర్ గారు మాత్రం ఫోన్ చేసి, "మీ తప్పేం లేదండీ, మీ గుడ్డ చక్కగానే ఉంది. తల్లి కాస్త చూసుకోవాల్సింది" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. నజీర్ బావ ఆ రోజు భీమిలి గుడ్డని కత్తెరతో అడ్డంగా నిలువుగా కోసి పడేశాడు. మిషన్ మీద దుప్పటి కప్పాడు.

ఆ 'తల్లి చూసుకోవాల్సింది' అన్న ముక్క ఆయన్ని తినేసింది. తిండి తగ్గింది. మసీదు నుంచి వచ్చి నా కొట్టు ముందు నిలబడేవాడు. "ఆ పిల్ల తల్లి మీదకి పోతాది బావా ఈ నింద. అందరూ అదే అంటారు. నాను వెళ్ళి సెప్పాల, తప్పు నాదని" అనేవాడు. నేను వెళ్దాం అన్నాను. చాంద్ సుల్తానా కూడా, "చెప్పేసి రండి, ఆ అమ్మాయికి కాస్త ఊరటగా ఉంటుంది" అంది. మంచి పనే అని మాకందరికీ అనిపించింది.

నెల దాటాక ఒక ఆదివారం పొద్దున పెదజాలారిపేట వెళ్ళాం. బాబీ వాళ్ళు తోట వదిలేసి గంగాలమ్మ ఇంట్లోనే ఉంటున్నారు. బాబీ గుమ్మం ముందు వల బాగుచేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. గంగాలమ్మ టీ పెట్టమని కోడలికి చెప్పింది. సత్యశ్రీ టీ తెచ్చి అత్త పక్కన కూర్చుంది. మనిషి సగమైపోయింది. గంగాలమ్మ తన పైట కొంగుతో కోడలి నుదుటి చెమట తుడిచింది. కన్నతల్లి కూడా అంత మెల్లగా తుడవదు.

"మా రాత అలాగున్నాది సాయిబు గారూ. ఎవుల్ననుకుని ఏటి లాభం" అన్నాడు బాబీ.

"రాత కాదు బాబూ. నా తప్పు" అన్నాడు నజీర్ బావ. నిలబడ్డాడు. "గుడ్డ వదులుగా కుట్టాను. మనిసెక్కినా ఏటీ అవ్వదన్నాను."

"ఒద్దులే బాబూ, అయిపోనాది. టీ తాగండి" అంది గంగాలమ్మ.

"లేదమ్మా, సెప్పనీ."

"టీ సల్లారిపోతాది బాబూ" అంది ఆవిడ మళ్ళీ. ఎందుకలా తొందరపడుతోందో మా ఇద్దరికీ అర్థం కాలేదు. అర్థం చేసుకునే తెలివుంటే మేం ఈ సందులో కొట్లు పెట్టుకుని ఉండం.

నజీర్ బావ బాబీ వైపు తిరిగాడు. "మీ అమ్మ ఆ రోజే సెప్పింది. పిల్లున్న ఇల్లు, గుడ్డొద్దు, వలెయ్యండని. నాను నవ్వేశాను. ఈ అమ్మాయి నా మాట నమ్మి ఊరుకుంది. ఈవిడ తప్పేటీ లేదు. ఎవరైనా ఈవిణ్ణి అంటే నా పేరు సెప్పు."

బాబీ చేతిలో వల ఆగింది. "ఎప్పుడు సెప్పింది?"

"కొలతల రోజు. నువ్వు జంక్షన్‌కి వెళ్ళావు."

బాబీ తల్లి వైపు చూశాడు. తర్వాత పెళ్ళాం వైపు చూశాడు. "నీకు తెలుసా? అమ్మ ఒద్దని సెప్పిందా? నువ్విన్నావా?"

గంగాలమ్మే అంది, "దాన్నేటీ అనకురా. నానేటన్నానో నాకే గురుతు లేదు." ఆవిడకి అంతా గుర్తుంది. ఆవిడ గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది. బాబీకీ తెలిసింది. వల కింద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డు వైపు వెళ్ళిపోయాడు.

మేం టీ తాగకుండానే లేచాం. సందు చివర స్కూటర్ తీస్తుంటే సత్యశ్రీ వెనకాలే వచ్చింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

"నెల్రోజులై మా అత్త ఆ ముక్క ఎవులికీ సెప్పలేదు సాయిబు గారూ. నన్ను పక్కన కూకోబెట్టుకుని అన్నం తినిపించీది. ఆయన తెలీక జరిగిందనుకున్నాడు. రేతిరి ఇద్దరం కలిసి ఏడిసీవోళ్ళం. ఇంక ఆయన నాతో కలిసి ఏడవడు" అంది.

ఆ మాట చెప్పి ఇంటివైపు నడిచింది.

దసరా వెళ్ళాక ఆమె పద్మనాభంలో పుట్టింటికి వెళ్ళిపోయిందనీ, బాబీ వేరేవాళ్ళ బోటు మీద వేటకి పోతున్నాడనీ, ఇద్దరికీ మాటల్లేవనీ మార్కెట్‌కి చేపలు తెచ్చే ఒకామె నాకు చెప్పింది. నజీర్ బావ వారానికోసారైనా అడుగుతాడు, ఆ పిల్ల తల్లి ఎలా ఉందో తెలిసిందా బావా అని. బాగానే ఉన్నారంట, ఇద్దరూ కలిసే ఉన్నారంట అని చెబుతాను. ఆయన తల ఊపుతాడు. నమ్మాడో లేదో నేను అడగను.